మూలబిందువు మూలన లేదు

మా ఇంట్లో దేవుడు మొదటినుంచీ మూలనే ఉన్నాడు. మూలన పడేశామని కాదు. ఈ వాటాలోకి దిగిన రోజున ముందుగది మూలలో ఒక మేకు కొట్టి, దానికి చిన్న చెక్క అలమర తగిలించి, అందులో పటం పెట్టాను. రెండు గోడలు కలిసే చోటు గనక ఫ్యాను గాలి తగలదు, దీపం ఆరదు. అంతకు మించిన శాస్త్రమేమీ లేదు. అయినా రెండు పూటలా అక్కడే నిలబడగా నిలబడగా, లోకమంతా ఆ మూలనుంచే మొదలవుతుందని నాకు నమ్మకం కుదిరిపోయింది.

నేను పరుపులు కుడతాను. కింద వీధిలో కొట్టు, పైన ఇల్లు. మా ఆవిడకి పార్సిల్ ఆఫీసులో రాత్రి షిఫ్టు. ఏ ఊరి మూటని ఆ ఊరి బస్తాలో వేయించడం ఆమె పని. నేను సాయంత్రం దీపం వెలిగించే వేళకి ఆమె చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. పొద్దున వెలిగించే వేళకి చెప్పులు విప్పుతూ ఉంటుంది. ఇద్దరం కలిసి దేవుడి ముందు కూర్చుని ఎన్నాళ్ళయిందంటే, "మీరు మొగుడూ పెళ్ళాలేనా, లేక వంతులవారీగా అద్దెకుంటున్నారా?" అని ఆయనే అడిగేలా ఉన్నాడు.

పగటి షిఫ్టు కావాలంటే సూపర్‌వైజరు కావాలి. సూపర్‌వైజరు కావాలంటే పరీక్ష గట్టెక్కాలి. పోయినసారి ఒక్క మార్కులో పోయింది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు. ఆ పోయిన మార్కు ఎక్కడ పోయిందో ఆమెకి బాగా తెలుసు. గళ్ళకాగితం మీద ఒక బొమ్మ గీసి, దాని మీద బిందువులు ఎన్ని ఉన్నాయో చెప్పమనే లెక్కలో పోయింది.

"మూటలు లెక్కపెట్టమనండి, కళ్ళు మూసుకుని లెక్కపెడతాను. ఈ బిందువులు కళ్ళు తెరిచినా కనిపించి చావవు," అనేది.

ఆదివారం మధ్యాహ్నం నేను పరుపు గలీబు కుడుతున్నాను. అత్తగారు, అంటే మా ఆవిడ తల్లి, కుర్చీలో కూర్చుని సగం నిద్రపోతూ సగం మమ్మల్ని కనిపెడుతున్నారు. మా ఆవిడ నేల మీద పుస్తకం పరుచుకుని చదివింది.

"మూలబిందువు కేంద్రంగా, అయిదు యూనిట్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీశారు. దాని మీద పూర్ణాంకాలు నిరూపకాలుగా గల బిందువులు ఎన్ని?" ఆమె పుస్తకం మూసేసింది. "ఏమండీ, మూలబిందువంటే ఏంటి?"

మనకి తెలిసిన మాట దొరికితే ఊరుకుంటామా? "పేరులోనే ఉంది కదే. మూలలో ఉన్న బిందువు," అన్నాను, సూది దేవుడి వైపు చూపించి. "అదిగో."

ఆమె ఆ మూల కేసి చూసింది. మా నేలకి టైల్స్ వేసి ఉన్నాయి, ఒక్కొక్కటి అడుగు పొడవు, అడుగు వెడల్పు. గదంతా గళ్ళకాగితమే! ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నేను బొత్తాల డబ్బా తెచ్చాను. పరుపు మీద దూది కదలకుండా వరసలుగా వేసే పెద్ద బొత్తాలు, నేల మీద పెడితే దూరానికి కూడా కనిపిస్తాయి.

పుస్తకంలోని పద్ధతి ఇదీ. దేవుడి మూలనుంచి ఒక గోడ వెంట కొన్ని టైల్స్ నడవాలి, అక్కడినుంచి రెండో దిక్కుకి కొన్ని టైల్స్ నడవాలి. ఆ రెండు అంకెల్నీ దేన్ని దానితో హెచ్చవేసి కలిపితే అయిదు అయిదులు ఇరవై అయిదు రావాలి. వస్తే, నాలుగు టైల్స్ కలిసిన ఆ చోట ఒక బొత్తం పెట్టాలి.

"మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు. ఇరవై అయిదు!" అని మా ఆవిడ మొదటి బొత్తం పెట్టింది. తిరగేసి నాలుగు అటు, మూడు ఇటు నడిచి రెండోది పెట్టింది. ఒక గోడ వెంట నిటారుగా అయిదు నడిచి గోడ పక్కనే ఒకటి, రెండో గోడ వెంట అయిదు నడిచి ఇంకొకటి. అంతే. గదంతా తిరిగినా అయిదోది దొరకలేదు.

"నాలుగు," అంది.

పుస్తకం వెనక జవాబు చూశాం. పన్నెండు.

"మిగతా ఎనిమిదీ ఏమయ్యాయి?" అంటూ అత్తగారు పూర్తిగా లేచారు. ఆవిడ దృష్టిలో ఏదైనా తక్కువైందంటే ఎవరో ఎత్తుకుపోయినట్టే. కుర్చీ కింద, చాప కింద, నా కాళ్ళ కింద వెతికించారు. మూడు బొత్తాలు దొరికాయి గానీ అవి ఎప్పటివో.

నేను దేవుడి కేసి చూశాను. స్వామీ, నక్షత్రాలన్నిటికీ నీ దగ్గర లెక్క ఉంటుందంటారు. మా ఇంట్లో నాలుగు బొత్తాలు పన్నెండు ఎలా అవుతాయో చెప్పడం నీకు పెద్ద పనా? పటం నవ్వుతూనే ఉంది. అది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది గనక జవాబని అనుకోలేదు.

సాయంత్రం మా బావమరిది వచ్చాడు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. అతన్ని అందరూ షార్ట్‌కట్ అంటారు. మెట్లెక్కి వచ్చేటప్పుడు కూడా రెండేసి మెట్లు ఎక్కుతాడు, చివరి మెట్టు దగ్గర బోర్లా పడతాడు.

బొత్తాలు చూసి పకపకా నవ్వాడు. "అక్కా, మైనస్‌లు ఏవీ?"

"మైనస్ అంటే?"

"మూలబిందువుకి ఇటుపక్క ప్లస్ అయితే అటుపక్క మైనస్. అటూ ఇటూ పైనా కిందా కలిపి మొత్తం నాలుగు పాదాలు. నువ్వు మొదటి పాదమే లెక్కపెట్టావు."

"నాకు తెలిసి నాలుగు పాదాలు ఉండేది మంచానికే," అన్నాను.

"మీరు ఊరుకోండి బావగారూ! ఒక్కో పాదంలో నాలుగు. నాలుగు నాలుగులు పదహారు. అయిదు సెకన్లలో జవాబు!"

"పుస్తకంలో పన్నెండని ఉందిరా," అంది అక్క.

"అచ్చుతప్పు," అన్నాడు షార్ట్‌కట్, రెప్ప వేయకుండా.

మా ఆవిడ ఒప్పుకోలేదు. "మూట చూడకుండా రసీదు రాయను. ఆ మైనస్‌లు ఎక్కడున్నాయో చూపించు, నా చేత్తో బొత్తం పెడతాను," అంది. అతను దేవుడి మూల దగ్గరికి వెళ్ళి ఎడమ గోడని తట్టాడు. రెండో పాదం ఆ గోడకి అవతల ఉంది. అవతల కోర్టు గుమాస్తాగారి వాటా.

గుమాస్తాగారు రిటైరై చాలాకాలమైనా, ఇప్పటికీ ఎవరైనా తలుపు కొడితే "వాదివా, ప్రతివాదివా?" అన్నట్టే చూస్తారు. బొత్తాల డబ్బాతో మేం ముగ్గురం, వెనక అత్తగారు నిలబడ్డాం.

"ఏమయ్యా పరుపులూ, ఏంటీ ఊరేగింపు?"

"మా బిందువులు కొన్ని మీ ఇంట్లో ఉన్నాయండీ," అన్నాను.

"మా ఇంట్లోకి ఎందుకొచ్చాయి? ఎవరి అనుమతితో వచ్చాయి?"

మా ఆవిడ పరీక్ష సంగతి చెప్పింది. ఆయన తలుపు ఇంకొంచెం తెరిచారు. మేస్త్రీ ఒక్కడే గనక వాళ్ళ టైల్స్ కూడా మావే. ఒక బిందువు గ్యాసు పొయ్యి కింద వచ్చింది. ఇంకోటి సరిగ్గా ఆయన కూర్చునే కుర్చీ కింద వచ్చింది.

"కాస్త లేస్తారా?"

"లేవను. స్వాధీనంలో ఉన్నది నాది."

ఆయన కాళ్ళ సందులోంచి చెయ్యి దూర్చి బొత్తం పెట్టింది మా ఆవిడ. ఇక గోడ మీద వచ్చేవి. షార్ట్‌కట్ అయిదు టైల్స్ లెక్కపెట్టి, మాకూ ఆయనకీ మధ్యనున్న గోడ పక్కన ఒక బొత్తం పెట్టాడు.

"ఆగు," అన్నారు గుమాస్తాగారు. "ఈ గోడకి అటువైపు కూడా ఒకటి పెట్టారా?"

"పెట్టాం. గోడకి మందం లేదనుకోవాలండీ, లెక్కలో."

"మందం లేని గోడ కట్టిన మేస్త్రీ ఎవడు? వాణ్ణి బోనెక్కించాలి."

ఇంకో గోడ పక్కన ఆ ఇంట్లో నాలుగోది కూడా పెట్టి బయటపడ్డాం. మా గదికి కుడి గోడ అవతల మెట్ల దగ్గరి ఖాళీ స్థలం. అది నాలుగో పాదం. అక్కడా నాలుగు పెట్టాం. ఒక బొత్తాన్ని పై అంతస్తులోంచి దిగుతున్న పేపరతను తొక్కి జారాడు. పడలేదు గానీ తిట్టిన తిట్లు మాత్రం పూర్ణాంకాలే.

మూడో పాదం దేవుడి మూలకి ఎదురుమూలగా, అవతలి సామాన్ల గదిలో ఉంది. దానికి తాళం. తాళంచెవి ఇంటి యజమాని దగ్గర, యజమాని ఊళ్ళో లేడు.

"అయితే అందులో ఎన్నున్నాయో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"మిగతా మూడింటిలో ఉన్నట్టే ఉంటాయి బావగారూ."

"చూడకుండా ఎలా నమ్మడం?"

మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నా కేసి తిరిగింది. "రెండు పూటలా కనిపించని దేవుణ్ణి పట్టుకుని 'నువ్వే దిక్కు' అంటారు కదా. తలుపు వెనక బొత్తాలుంటాయంటే తాళంచెవి అడుగుతారా?"

అత్తగారు కిసుక్కున నవ్వారు. నిజమే మరి. దేవుడి విషయంలో నేనెప్పుడూ తాళంచెవి అడగలేదు. అడగకపోవడం నమ్మకమో, యజమాని ఊళ్ళో లేడన్న భయమో, అది మాత్రం నాకిప్పటికీ తెలియదు.

"నాలుగు గదులు, గదికి నాలుగు. పదహారే," అని షార్ట్‌కట్ చేతులు దులుపుకున్నాడు.

అప్పుడు గుమాస్తాగారు గుమ్మంలోంచి కేక వేశారు. "ఏమయ్యా పరుపులూ! నువ్వు దేవుడికి కొట్టిన మేకు గోడ దాటి మా ఇంట్లోకి పొడుచుకొచ్చింది, గుర్తుందా? దావా వేస్తానన్నాను. తర్వాత పోనీలే అని దానికి నా గొడుగు తగిలించుకుంటున్నాను."

"గుర్తుందండీ."

"మీవైపు దేవుడు, మావైపు గొడుగు. ఇప్పుడు చెప్పు. అవి రెండు మేకులా, ఒకటా?"

"ఒకటేనండీ."

"మరి ఉమ్మడి గోడ మీది బొత్తాన్ని మీ ఇంట్లో ఒకసారి, మా ఇంట్లో ఒకసారి ఎందుకు లెక్కపెడుతున్నారు? ఒకే ఆస్తిని ఇద్దరి పేర రాస్తారా?"

షార్ట్‌కట్ ఏదో అనబోయాడు. మా ఆవిడ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. "గదిలోపల ఉన్నవి రెండేసి. నాలుగు గదులకి ఎనిమిది. గోడల మీదివి నాలుగే, నాలుగు గోడలకి నాలుగు. ఎనిమిదీ నాలుగూ..." చటుక్కున గుమాస్తాగారికి రెండు చేతులూ జోడించింది. "పన్నెండు! మేకు ఒకటేనండీ! మేకు ఒకటే!"

"అదే కదా నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది," అన్నారాయన, మొదటినుంచీ ఏం మొత్తుకున్నారో ఆయనకే తెలియకపోయినా.

ఇంటికొచ్చాక ఆమె పుస్తకం మళ్ళీ తెరిచింది. కాసేపటికి మెల్లగా అంది, "ఏమండీ, మూలబిందువంటే మూల కాదు. మూలం. అన్నిటికీ మూలం. అది నడిమధ్య ఉంటుంది. మీ దేవుణ్ణి మూలన పెట్టి ఇన్నాళ్ళూ లోకంలో నాలుగో వంతే చూశాను."

రోజూ గుమాస్తాగారి కుర్చీ కిందకి దూరడం కుదరదు గనక, ఆయన్ని కదిలించక తప్పలేదు. గుమాస్తాగారిని కాదు, దేవుణ్ణి. క్షమించమని అడిగి, అలమర దించి, గది నడిమధ్య ఒక ఎత్తు స్టూలు మీద పెట్టాను. అలమర బరువు తగ్గగానే మేకు అటువైపుకి జారింది. గోడ అవతల గొడుగు దబ్బున పడింది.

"దావా!" అని వినిపించింది.

ఇప్పుడు నాలుగు పాదాలూ మా గదిలోనే. మొదట్లో అందరం కాలివేళ్ళు కొట్టుకున్నాం. కానీ నెలలోపల ఇల్లంతా లెక్కలో పడిపోయింది.

"కత్తెర ఎక్కడే?"

"మైనస్ నాలుగు కామా రెండు."

"నా కళ్ళజోడు?" అనేవారు అత్తగారు.

"నీ నెత్తి మీదే, మూలబిందువులో!"

ఒక్క అత్తగారికే అన్యాయం జరిగింది. ఆవిడ కుర్చీ మూడో పాదంలో పడింది. పటానికి ముందువైపే బొమ్మ, వెనక అట్ట. "అందరికీ దేవుడి ముఖం, నాకు దేవుడి వీపు. రెండూ మైనస్‌లేగా, నాలాంటిదానికి ఇంతే రాసిపెట్టి ఉంది," అని సణిగేవారు.

పరీక్ష రోజున ఆమె వెళ్ళాక నేను కొట్టు తెరవలేదు. స్టూలు ముందు కూర్చున్నాను. పాస్ చేయించమని అడగాలనుకున్నాను. అందరూ అదే అడిగితే ఆయన మాత్రం ఎవరిని ఫెయిల్ చేస్తాడు? అందుకని, వచ్చిన లెక్క ఆమెకి కనిపించేలా చూడమని మాత్రం అడిగాను.

సాయంత్రం ఆమె గుమ్మంలోనే చెప్పింది. "అదే వృత్తం వచ్చింది! అయిదు యూనిట్లే!"

"పన్నెండు!" అని ఎగిరాం నేనూ అత్తగారూ.

"కాదు. మొదటి పాదంలో ఎన్ని ఉన్నాయని అడిగారు."

అప్పటికే వచ్చి కూర్చున్న షార్ట్‌కట్ చిటికె వేశాడు. "పన్నెండు బై నాలుగు. మూడు! అయిదు సెకన్లు కూడా అక్కర్లేదు."

"మన గదిలో నాలుగు వచ్చాయి కదా," అన్నాను.

"నేను రెండు పెట్టాను," అంది ఆమె.

ముగ్గురు మనుషులం, మూడు జవాబులు. నాలుగో మనిషి అత్తగారు "మధ్యలో ఏదో ఒకటి పెట్టకపోయావా తల్లీ," అన్నారు.

"గోడ మీదివి ఏ గదివీ కావు కదండీ," అంది మా ఆవిడ. "గోడ ఉమ్మడిది. గదిలోపల ఎన్నని అడిగితే లోపలివే చెప్పాలి. రెండు. అంతేగా?"

అంతేనని ఎవరు చెప్పాలి? షార్ట్‌కట్ కాగితం మీద గీసుకుంటూ మెల్లగా ఎర్రబడ్డాడు. "అక్కా, అక్షాలు, అంటే ఆ గోడలు, ఏ పాదంలోకీ రావు. రెండే. నేను పోయిన బ్యాచ్‌కి మూడని చెప్పాను," అని నీళ్ళు నమిలాడు. అది ఆ బ్యాచ్ ఖర్మ. మాకు కాస్త ఊపిరి తిరిగింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె నిద్రపోతుండగా ఫోను మోగింది. ఆఫీసులో మూటలు తూకం వేసే ఆవిడ నోటీసు బోర్డు దగ్గరినుంచి మాట్లాడుతోంది. ఫోను స్పీకర్లో పెట్టాం. గోడ అవతలినుంచి గుమాస్తాగారు కూడా వచ్చేశారు.

"నీకు అరవై రెండు వచ్చాయే!"

"పాస్ ఎంతకి?"

"ఉండు, చదువుతాను... అరవై రెండు... గర్ గర్... పైన వచ్చినవారు ఉత్తీర్ణులు."

మా ఆవిడ ముఖం పాలిపోయింది. అరవై రెండు పైన అంటే అరవై మూడు. మళ్ళీ ఒక్క మార్కు! నేను అక్కడే, ఏ పాదమో చూసుకోకుండా కూలబడ్డాను.

గుమాస్తాగారు ఫోను లాక్కున్నారు. "అమ్మాయ్, సరిగ్గా చదువు. 'అరవై రెండు పైన' అని ఉందా, 'అరవై రెండు, ఆ పైన' అని ఉందా? మధ్యలో 'ఆ' ఉందా?"

"ఆఁ."

"ఆఁ అంటే ఉందనా? లేక నేనన్నది వినిపించలేదనా?"

"ఆఁ?"

"మధ్యలో 'ఆ' ఉందా లేదా అని అడుగుతున్నా!"

"ఆఁ, ఆఁ!"

"రెండు 'ఆ'లు ఉన్నాయా?"

"అయ్యో, మీరెవరండీ బాబూ! దాని మొగుడా?"

మా ఆవిడ ఫోను తీసుకుని, మూటల మీద చిరునామా చదివించే గొంతుతో అడిగింది. "ఒక్కొక్క మాటా వేలు పెట్టి చదవవే."

అవతల వేలితో బోర్డు మీద తట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత, "అరవై రెండు. కామా. ఆ. పైన. వచ్చినవారు."

"గోడ కూడా లోపలే!" అని గుమాస్తాగారు గొడుగుతో నేల మీద కొట్టారు. "ఈ కేసులో గోడ లోపలే! తీర్పు!"

మా ఆవిడ ఏడ్చిందో నవ్విందో నేను సరిగా చూడలేదు, నా కళ్ళలో ఏదో పడింది. అత్తగారు మాత్రం కూతురి నెత్తి నిమిరి, "చూశావా, ఆ రెండు బొత్తాల దగ్గర మూడని పెట్టి ఉంటే ఇప్పుడు 'ఆ' ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే," అన్నారు. మొదటిసారి ఆవిడకి ఏదీ పోయినట్టు అనిపించలేదు.

పగటి షిఫ్టు మొదలైన రోజు సాయంత్రం ఆమె నాకంటే ముందే కాళ్ళు కడుక్కుని వచ్చింది. దేవుణ్ణి తిరిగి మూలకి పంపాలా అని అప్పటికి రెండుమూడుసార్లు అనుకున్నాను. ఆయన మూలన ఉండి అంతటా ఉన్నాడా, మధ్యలో ఉండి అందరికీ అడ్డంగా ఉన్నాడా, ఏది మర్యాద? ఆయన్నే అడిగాను. నవ్వుతూనే ఉన్నాడు.

నేను దీపం వెలిగించి మొదటి పాదంలో కూర్చున్నాను. "నువ్వు ఏ పాదంలో కూర్చుంటావు?"

"ఏ పాదంలోనూ కాదు," అంటూ ఆమె రెండు టైల్స్ మధ్యనున్న గీత మీద చాప వేసింది. "ఇది ఉమ్మడి. మీరూ ఇటు జరగండి."

జరిగాను. వెనకనుంచి కుర్చీ బరబరా ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. అత్తగారు మైనస్‌లోంచి ప్లస్‌లోకి వచ్చేస్తున్నారు. "జరగండర్రా, ఇవాళైనా నేనూ ఆయన ముఖం చూస్తాను," అంటున్నారు.

ఇంతలో తలుపు చప్పుడైంది.

"ఏమయ్యా పరుపులూ! దేవుడు మధ్యకొస్తే రానీ. నా గొడుగు ఎక్కడ తగిలించుకోవాలో చెప్పు!"